ప్రసూతి వైద్యురాలి ప్రొఫైల్‌లో గేదెల పేపర్లు: సైటేషన్ డేటాబేస్ సంస్థకు ఫిర్యాదు

రచయితల ప్రొఫైల్ విభాగం అధికారి గారికి,
హైదరాబాదు కార్యాలయం.

విషయం: మా గైనిక్ ప్రొఫెసర్ గారి ప్రచురణలు రెండు ప్రొఫైళ్లుగా చీలిపోవడం, పరాయి పేపర్లు కలవడం.

అయ్యా,

రాయగడ, కొరాపుట్ జిల్లాల గర్భిణుల్లో రక్తహీనత, సికిల్ సెల్ వ్యాధి, కాన్పు తర్వాతి రక్తస్రావం మీద మా ప్రొఫెసర్ గారు రాసిన పేపర్లు ఏ పేపరును ఎన్ని పేపర్లు ఉదహరించాయో (సైటేషన్లు) లెక్కించే మీ డేటాబేస్‌లో ఒకచోట లేవు. సరిచేయమని ఫారం పెడితే, ప్రొఫైల్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిందనీ, జర్నల్‌ను అడగమనీ జవాబిచ్చారు. జర్నళ్లలో అచ్చయినవి సరిగానే ఉన్నాయి. తప్పు మీరు వాటిని రచయితకు ముడిపెట్టిన చోట ఉంది.

ముందు గేదెల సంగతి. ఆవిడ ప్రొఫైల్‌లో చిలికా గేదెల ఎద, కృత్రిమ గర్భధారణ మీద ఒక పశువైద్య శాస్త్రవేత్త రాసిన పేపర్లు చేరాయి. ఇద్దరి పేర్లలోనూ చివరి మాట 'లక్ష్మి', ముందు 'కె'. వైద్య పేపర్ల సూచిక అయిన పబ్‌మెడ్‌లో 2002కు ముందరి పేపర్లకు సాధారణంగా పూర్తి పేర్లు ఉండవు, ఇనీషియల్సే ఉంటాయి. ఆపైన సబ్జెక్టు కూడా 'పునరుత్పత్తి' అని కలిసేసరికి మీ సాఫ్ట్‌వేర్ ఇద్దరినీ ఒకరనుకుంది. పబ్‌మెడ్ విషయసూచికలో 'ప్రెగ్నెన్సీ' అన్న గుర్తు మనుషులకూ పశువులకూ ఒకటే, దాన్ని నమ్ముకుంటే ఇలాగే అవుతుంది. చూడవలసింది 'హ్యూమన్స్', 'బఫెలోస్' అన్న గుర్తులను. గర్భకాలం సుమారు 310 రోజులని రాసిన పేపరు ప్రసూతి వైద్యురాలి పేరు మీద కనిపిస్తే ఇంటర్వ్యూ బోర్డు ఏమనుకోవాలి?

రెండోది ఊరు. ప్రొఫైల్‌లో ఆవిడ చిరునామా పశ్చిమ బెంగాల్, ముర్షిదాబాద్ జిల్లా బహరంపూర్ అని ఉంది. మాది ఒడిశా గంజాం జిల్లా బరంపురం. ఇంగ్లీషులో ఈ రెండు ఊళ్ల పాత స్పెల్లింగులకు చివరి అక్షరాల్లోనే తేడా, మా ఊరికి బ్రహ్మపుర్ అన్న అధికారిక రూపం కూడా ఉంది. స్పెల్లింగ్‌ను పక్కనపెట్టి పిన్ కోడ్ చూడండి. మాది 760తో, వాళ్లది 742తో మొదలవుతుంది. పేపర్లలో పిన్ కోడ్ అచ్చయే ఉంది.

ఇక అసలు నష్టం. పాత పేపర్లలో ఆవిడ పేరు మనవాళ్లు రాసుకునే పద్ధతిలో, ఇంటిపేరు ఇనీషియల్‌గా ఉంది. తర్వాతి జర్నళ్లు చివరి పేరు గడి నింపమంటే అందులో ఇంటిపేరు రాశారు. దాంతో రెండు ప్రొఫైళ్లు పుట్టాయి. ఇంటిపేరు చివర ఉన్న మొదటిదాంట్లో పేపరు వారీగా సైటేషన్లు 38, 22, 12, 9, 6, 5. పాత పద్ధతి పేరున్న రెండోదాంట్లో గేదెలవి తీసేస్తే 31, 19, 15, 11, 8. మిగతావన్నీ అయిదుకు లోపే. ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు ఉన్నాయో చెప్పే అంకె హెచ్-ఇండెక్స్. విడివిడిగా చూస్తే రెండింటికీ అది 5. కలిపి పెద్దది ముందుగా పేరిస్తే ఎనిమిదో పేపరుకు 9 సైటేషన్లు, తొమ్మిదోదానికి 8, అంటే 8 రావాలి. హెచ్-ఇండెక్స్‌ను కూడి తెచ్చుకోలేం, పేపర్లు ఒకచోట చేరితేనే అసలు అంకె తెలుస్తుంది.

ఆ 8 కూడా తక్కువే. మొదటి ప్రొఫైల్‌లోని 6, 5 నిజానికి ఒకే పేపరువి. 2019లో ఆన్‌లైన్‌లో ముందుగా వచ్చింది, 2020లో సంచికలో అచ్చయింది, డీఓఐ (పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఒక్కటే. తొలి రికార్డులో సంపుటి, పేజీ అంకెలు ఖాళీగా ఉండటంతో మీరు దాన్ని వేరే పేపరుగా లెక్కించారు. రెండు రికార్డులనూ ఉదహరించిన పేపరు ఏదీ లేదని సరిచూశాం. కాబట్టి దానికి 11 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 9.

ఓసారి గేదెల పేపర్లు తీశారు, తర్వాతి అప్‌డేట్‌తో అవే తిరిగొచ్చాయి. ప్రొఫైల్‌లో కనబడకుండా చేస్తే సరిపోదు, ఒక్కో పేపరు రికార్డులోనే రచయిత ఎవరో మార్చి, మళ్లీ అతుక్కోకుండా తాళం వేయాలి. ఆర్కిడ్ నంబరు (రచయితకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉన్న పేపర్లకు అదే ఆధారం చేసుకోండి. ఆర్కిడ్ మొదలైందే 2012లో, కాబట్టి అంతకుముందరి వాటికి సహరచయితలు, విభాగం, పిన్ కోడ్ మూడూ కలిస్తేనే చేర్చండి. డీఓఐ ఒకటే అయిన రికార్డులను కలపండి. ఆ పశువైద్యుల పేపర్లు చెరిపేయకండి, వారి ప్రొఫైల్‌కు పంపండి. వారికీ అన్యాయమే జరిగింది.

పదోన్నతి ఫైలు కదులుతోంది. సవరణ పూర్తయ్యేదాకా రెండు ప్రొఫైళ్ల మీదా 'పరిశీలనలో ఉంది' అన్న గమనిక పెట్టి, ఏ పేపర్లు ఎవరివో తేల్చిన ఉత్తరం తేదీతో, సంతకంతో 30 రోజుల్లో పంపగలరు. మళ్లీ ఫారం నింపమనవద్దు. దాంట్లో డీఓఐ లేని పాత పేపర్లను నమోదు చేసే వీలే లేదు.

జతపరిచినవి: పేపర్ల పూర్తి జాబితా డీఓఐ, పబ్‌మెడ్ నంబర్లతో, గేదెల పేపర్ల జాబితా, మీరిచ్చిన జవాబు ప్రతి, ప్రొఫెసర్ గారి అనుమతి పత్రం.

ఇట్లు,
పరిశోధన విభాగం, గ్రంథాలయం తరఫున,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.