వార్షిక నివేదిక: ఈ ఏడాది మన రీఫ్ ట్యాంకులు, పెద్ద ఏంజెల్ చేపలు

మన అక్వేరియం సంఘం సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం. కొత్తవాళ్ల కోసం ఒక మాట: రీఫ్ ట్యాంకు అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి ట్యాంకు.

ఈ ఏడాది సమావేశం ఏ విషయంతో మొదలైనా చర్చ చివరికి పెద్ద ఏంజెల్ చేపల దగ్గరికే వచ్చి ఆగింది. లైట్ల గురించి పెట్టుకున్న సమావేశం కూడా వాటిలో ఒక రకమైన ఎంపరర్ ఏంజెల్ మీద వాదనతోనే ముగిసింది. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు వాటికే ఇచ్చాం. మిగతా పనుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కోరల్ ఫ్రాగ్‌ల (పెంచుకోవడానికి విరిచిన పగడపు ముక్కల) మార్పిడి ఎప్పటిలాగే సాగింది. నీటి పరీక్ష కిట్లు చేతులు మారుతూనే ఉన్నాయి, తీసుకున్నవాళ్లు దయచేసి గడువు తేదీ చూసి వాడండి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపారు.

"కోరల్స్ ఉన్న ట్యాంకులో పెద్ద ఏంజెల్‌ని పెట్టుకోవచ్చా?" అని కొత్త సభ్యులు అడగని నెల లేదు. కార్యవర్గం అభిప్రాయం ఒక్కటే. పెట్టుకోవచ్చు, కానీ అది కోరల్స్ తినడం మొదలుపెడితే బయటికి ఎలా తీయాలో, తీశాక ఎక్కడ ఉంచాలో ముందే ఏర్పాటు చేసుకున్నవాళ్లే పెట్టుకోవాలి. ఈ ఏడాది సంఘం తరఫున కొత్తగా చేసిన పనులన్నీ ఇందుకోసమే.

కొరుకుతుందా, కొరకదా

ఏంజెల్ కోరల్‌ని కొరికితే దాన్ని తిట్టి లాభం లేదు. పెద్ద ఏంజెల్స్‌లో పొమకాంథస్, హోలకాంథస్ ప్రజాతుల చేపలు సముద్రంలో బతికేదే స్పాంజ్‌లు, ట్యూనికేట్లు (రెండూ రాతికి అంటుకుని పెరిగే జీవాలు), నాచు మీద. 1968లో ర్యాండల్, హార్ట్‌మన్ కరీబియన్ ప్రాంతపు చేపల కడుపులు పరిశీలించారు. హోలకాంథస్ చేపలు తిన్నదాంట్లో 95 శాతానికి పైగా, పొమకాంథస్ చేపలు తిన్నదాంట్లో 70 శాతానికి పైగా స్పాంజ్‌లే ఉన్నాయి. రాతికి అంటుకుని పెరిగే మెత్తటి జీవాల్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గిల్లుకుంటూ తిరగడమే వాటి పని. మన ట్యాంకులో దానికి సరిపడా స్పాంజ్ ఉండదు, ఎదురుగా ట్రాకీఫిల్లియా కోరల్ ఒకటి కండపట్టి ఉబ్బి కూర్చుని ఉంటుంది. ఇక అడగాలా!

సభ్యుల ట్యాంకుల్లో ముందుగా దెబ్బతిన్నవి ఇలాంటి కండగల కోరల్సే. ట్రాకీఫిల్లియా, లోబోఫిల్లియా, స్కోలీమియా, అకాన్‌లు ఈ వరసలోకి వస్తాయి. వాటి తర్వాత కోరల్స్‌కి దగ్గరి బంధువులైన జోఆంథిడ్‌లు. ట్రైడాక్నా క్లామ్ (పెద్ద ఆల్చిప్ప) పెంచేవాళ్లు అయితే పెద్ద ఏంజెల్ ఆలోచన మానుకోవడమే మంచిది. క్లామ్ విప్పిన ప్రతిసారీ అంచు మీద ఒక గాటు పడితే కొన్నాళ్లకి అది విప్పడమే మానేస్తుంది, ఆపైన ఎక్కువ రోజులు ఉండదు. అక్రోపోరా, మాంటీపోరా లాంటి గట్టి కోరల్స్ చాలావరకు తట్టుకుంటాయి. పాలిప్‌లు (కోరల్ మీది చిన్న చిన్న జీవాలు) లోపలికి ముడుచుకుని ట్యాంకు కాస్త బోడిగా కనిపించొచ్చు, అంతే. సైనులేరియా, సార్కోఫైటాన్ లాంటి లెదర్ కోరల్స్‌లో చేపలకి రుచించని రసాయనాలు ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లడం తక్కువ. అందుకే ఏంజెల్ కావాలని గట్టిగా అనుకున్నవాళ్లకి లెదర్‌లు, గట్టి కోరల్స్‌తో ట్యాంకు కట్టుకోమని చెబుతున్నాం. చేపని మార్చలేం, కోరల్స్‌ని ముందే ఎంచుకోవచ్చు.

ఇక్కడ జాతి పేరు చూసి హామీ ఇవ్వడం కుదరదు. ఒకే రకం చేప ఒక సభ్యుడి ట్యాంకులో ఏళ్ల తరబడి కోరల్స్ వైపు చూడలేదు. మరో సభ్యురాలి ట్యాంకులో దించిన కొద్ది రోజులకే అకాన్‌ల తోటని చదును చేసేసింది. చిన్నప్పుడు బుద్ధిగా ఉండి, పెద్ద రంగులు వచ్చాక మొదలుపెట్టినవీ ఉన్నాయి. ఎంపరర్ పిల్ల ముదురు నీలం మీద తెల్లటి వలయాలతో ఉంటుంది, పెరిగాక పసుపు నీలం చారలు వస్తాయి. రంగుతోపాటు గుణమూ మారొచ్చని అనుకుని ఉండటం మంచిది.

అయినా రకాల మధ్య తేడా లేదని కాదు. జెనికాంథస్ చేపలు నీటిలో తేలే ప్లాంక్టన్ తింటాయి, కోరల్స్‌కి వాటితో దాదాపు ఏ ఇబ్బందీ లేదు. మగ ఆడ చేపల రంగులు వేరుగా ఉంటాయి, ఆడవి మగవిగా మారతాయి కూడా. కానీ ఏంజెల్ అంటే ఎంపరరే అని పట్టుబట్టేవాళ్ల కంటికి ఇవి ఆనవు. రీగల్ సుమారు 25 సెంటీమీటర్లకి, మెజెస్టిక్ దాదాపు 30కి పెరుగుతాయి. పెద్దవాటిలో ఈ రెండిటితోనే మన సభ్యులకి కాస్త మంచి అనుభవం ఉంది. అయితే రీగల్ తిండి మొదలుపెట్టేదాకా టెన్షన్ తప్పదు. ఎంపరర్ 40 సెంటీమీటర్లు, క్వీన్ 45, గ్రే ఏంజెల్ ఏకంగా 60 దాకా వెళ్తాయి. రాక్ బ్యూటీ అనే రకం స్పాంజ్ తప్ప మరోటి ముట్టుకోవడం కష్టం, దాన్ని ఎవరూ తెచ్చుకోవద్దని కార్యవర్గం గట్టిగా కోరుతోంది.

ట్యాంకు, తిండి, నీళ్లు

రీగల్, మెజెస్టిక్‌లకి ఆరడుగుల పొడవు, 700 లీటర్లకి తగ్గకుండా ట్యాంకు ఉండాలన్నది మన సూచన. ఎంపరర్, క్వీన్‌లకి ఎనిమిదడుగులు. పిల్ల చేప అరచేతిలో సగం ఉన్నప్పుడు ఈ మాట ఎవరికీ రుచించదు. "పెరిగాక పెద్ద ట్యాంకు కొంటాం" అనే హామీ ఎంతమంది నిలబెట్టుకున్నారో పాత సభ్యులని అడిగితే నవ్వుతారు. పెద్ద ఏంజెల్స్ సరిగ్గా చూసుకుంటే ట్యాంకులో 20 ఏళ్లు దాటి బతకగలవు కాబట్టి ఇది చిన్న నిర్ణయం కాదు.

కొరుకుడు తగ్గాలంటే కడుపు నిండాలి. రోజుకి మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. స్పాంజ్ కలిపిన ఫ్రోజెన్ మేత, మైసిస్ (చిన్న రొయ్యలాంటి జీవి), స్పిరులినా, రాతికి క్లిప్పు పెట్టిన నోరి (ఎండు సముద్రపు నాచు) షీటు, ఇలా మారుస్తూ ఉండాలి. తిండి చాలని చేపలకి తలమీద, పక్క గీత వెంబడి గుంటలు పడటం ఏంజెల్స్‌లో తరచుగా కనిపిస్తుంది. నాసిరకం కార్బన్ దుమ్ము కూడా దానికి ఒక కారణం కావొచ్చు కనుక కార్బన్ వాడేవాళ్లు కడిగి వాడండి.

అసలు చిక్కు ఇక్కడే. అంత తిండి పెడితే అంత మలం, దాంతో నైట్రేటు, ఫాస్ఫేటు పెరుగుతాయి. ఏంజెల్‌కి సరిపడే తిండి, అక్రోపోరాకి సరిపడే నీళ్లు ఒకే ట్యాంకులో కుదరాలి. మన సభ్యుల్లో ఇది కుదిరినవాళ్లందరి దగ్గరా ట్యాంకు సైజుకి మించిన స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం), సంప్‌లో (నీటిని శుభ్రం చేసే అదనపు ట్యాంకులో) నాచు పెంచే గది, క్రమం తప్పని నీటి మార్పిడి ఉన్నాయి. నైట్రేటు 5 నుంచి 15 పీపీఎం మధ్య, ఫాస్ఫేటు 0.1 దాటకుండా ఉంటే కోరల్స్ రంగు పోకుండా ఉన్నాయి. సున్నా కోసం పాకులాడక్కర్లేదు, సున్నాలో కోరల్స్ కూడా ఆకలితో పాలిపోతాయి.

ఉమ్మడి క్వారంటైన్, ట్రాప్ పెట్టె

ఈ ఏడాది సంఘం చేసిన వాటిలో అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. కొత్త ఏంజెల్ నేరుగా రీఫ్‌లోకి వెళ్లకుండా సభ్యులు వంతులవారీగా వాడుకునేలా క్వారంటైన్ ట్యాంకులు ఏర్పాటు చేశాం. తెల్లమచ్చల జబ్బుకి, వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బుకి బాగా పనిచేసే మందు రాగి. ఆ రాగి కోరల్స్‌ని, రొయ్యల్ని, నత్తల్ని చంపేస్తుంది. కాబట్టి రీఫ్‌లో జబ్బు దిగాక వైద్యానికి దారి లేదు. చేపలన్నిటినీ బయటికి తీసి, 76 రోజుల వరకు ట్యాంకుని చేపల్లేకుండా ఉంచాల్సి వస్తుంది. ఏంజెల్స్ రాగికి తట్టుకోవడం తక్కువ. మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ, రోజూ పరీక్షించి, తిండి మానేస్తే వెంటనే ఆగాలి. ఫ్లూక్‌లకి (చర్మం, మొప్పల మీద పట్టే పురుగులకి) ప్రాజిక్వాంటెల్ మందు వేరుగా వాడాలి.

చేపకి తిండి నేర్పడానికి కూడా క్వారంటైనే సరైన చోటు. రాళ్లూ కోరల్సూ ఉండవు, ఏం తిందో ఏం వదిలేసిందో కళ్లముందే కనిపిస్తుంది. మొండికేసిన రీగల్‌కి చిప్ప విప్పిన క్లామ్ పెడితే చాలాసార్లు నోరు తెరిచింది. ఒక జాగ్రత్త: ఏంజెల్ చెంప దగ్గర ముల్లు ఉంటుంది, వలలో చిక్కుకుంటే విడిపించడం నరకం, చేయి కూడా కోసుకుంటుంది. ప్లాస్టిక్ డబ్బాతో ముంచి తీయండి.

ట్రాప్ పెట్టె అంటే దారంతో తలుపు జారే అక్రిలిక్ పెట్టె. దాన్ని తలుపు తెరిచి ట్యాంకులో వదిలి, మేత లోపలే పెడుతూ చేపకి అలవాటు చెయ్యాలి. తొందరపడి మొదటి రోజే తలుపు దించినవాళ్లకి ఆ చేప మళ్లీ దగ్గరికి రాలేదు. రాళ్లు పీకి, కోరల్స్ విరిచి చేప వెంటపడే పని లేకుండా ఈ పెట్టెతో చాలామంది బయటపడ్డారు. అలా బయటికి వచ్చిన చేపల కోసం, కోరల్స్ లేని ట్యాంకులున్న సభ్యుల పేర్లతో ఒక జాబితా నడుపుతున్నాం. ఏంజెల్ తెచ్చుకునే ముందే జాబితాలో ఒకరితో మాట్లాడుకోవాలని తీర్మానించాం. ఏంజెల్స్‌ని రీఫ్‌లో వద్దనే నియమమే పెడదామని కొందరన్నారు. వాళ్ల బాధ న్యాయమే, కానీ నియమం పెడితే జనం చెప్పకుండా పెంచుతారు తప్ప మానరని ఎక్కువమంది భావించారు.

కొనేటప్పుడు

1960లనుంచి ఫిలిప్పీన్స్‌లో, ఆ తర్వాత ఇండోనేషియాలో సయనైడ్ చల్లి చేపలు పట్టడం జరిగింది. అలా పట్టిన చేప దుకాణంలో బాగానే కనిపించి, తర్వాత తిండి తింటూనే చిక్కిపోవచ్చు. ఎక్కడ, ఎలా పట్టారో చెప్పలేని అమ్మకందారు దగ్గర ఏంజెల్ కొనకండి. ఇండోనేషియా బాలీలో ట్యాంకుల్లో పుట్టించిన పెద్ద ఏంజెల్స్ ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి మన మేతకి ముందే అలవాటుపడి వస్తాయి. కోరల్స్ కొరకవని మాత్రం అనుకోవద్దు. క్లారియన్ ఏంజెల్ 2017 నుంచి సైటిస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, కాగితాలు లేకుండా ముట్టుకోవద్దు.

వచ్చే ఏడాదికి రెండు పనులు అనుకున్నాం. ఏంజెల్ ఉన్న ప్రతి సభ్యుడూ ఏ కోరల్ నిలిచిందో, ఏది పోయిందో నెలకోసారి రాసేలా ఒక పట్టిక మొదలుపెడతాం, ఆ పట్టికని కొత్త సభ్యులకి ముందుగా చూపిస్తాం. ఇంకో పెద్ద సైజు ట్రాప్ పెట్టె చేయిస్తున్నాం, ఇప్పుడున్నది ఎదిగిన ఎంపరర్‌కి ఇరుకవుతోంది. పెట్టె కావాల్సినవాళ్లు కార్యదర్శికి ముందుగా చెప్పండి. వాడాక మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి తిరిగివ్వండి.