రూలు దగ్గర పేచీ వస్తే పాచిక వేసుకోవాలా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో బోర్డు గేముల మీద వేసిన వ్యాసం చదివాను. ఫోన్లు పక్కన పడేసి నలుగురూ బల్ల చుట్టూ కూర్చోమన్నారు, సంతోషం. కానీ చివర్లో ఒక సలహా ఇచ్చారు చూడండి, రూలు దగ్గర గొడవొస్తే ఇద్దరూ చెరో పాచిక వేసి ఎవరికి ఎక్కువ పడితే వాళ్ల మాట నెగ్గినట్టు అనుకోమని, అది మాత్రం మింగుడు పడలేదు. వైకుంఠపాళికి సరిపోద్దేమో. నెల్లూరు మూలాపేటలో ఒక మందుల షాపు మేడ మీద మేం ఆడుకునే ఆటకు ఆ సలహా పాటిస్తే మధ్యాహ్నం భోజనాల లోపలే బల్ల తిరగబడుద్ది.

ఆ ఆట అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్. జాన్ హిల్ అనే ఆయన తయారుచేసిన స్క్వాడ్ లీడర్ 1977లో వస్తే, దాన్నే మొదటి నుంచి తిరగరాసి 1985లో అవలాన్ హిల్ కంపెనీ దీన్ని తెచ్చింది. ఇప్పుడు మల్టీ-మ్యాన్ పబ్లిషింగ్ వాళ్లు వేస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధం, అట్టముక్కల మీద సైనికులు, ఆరు మూలల గళ్లు, గడి అంటే నలభై మీటర్లు, టర్ను అంటే రెండు నిమిషాలు. రూల్ బుక్కు రింగుల ఫైల్లో పెట్టుకునే విడి పేజీలు, సవరణ వస్తే పాత పేజీ లాగేసి కొత్తది పెట్టుకోవాలి. దాని మందం చూసి మా ఇంట్లో వాళ్లు ఇదేదో పోటీ పరీక్ష అనుకున్నారు కొన్నాళ్లు.

పుస్తకం ఇంగ్లిషు కష్టమై గొడవలు వస్తాయనుకుంటారు. మా దగ్గర సగం గొడవలు 'నిజం యుద్ధంలో అట్లా ఎందుకు జరుగుద్ది?' అన్న దగ్గరే మొదలవుతాయి. మాలో ఒకాయన ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, నాకు బావ వరస. ఒకసారి ఏమైందంటే, ఎదుటివాడి టర్నులో వాడి మనుషులు పరిగెత్తుతుంటే నా స్క్వాడ్, అంటే ఒక చిన్న సైనిక దళం, ఒకసారి కాల్చింది. ఒకసారి కాల్చేసిందని దాని మీద ఫస్ట్ ఫైర్ గుర్తు పెట్టాం. అంతలో ఇంకొకడు బయటికొచ్చాడు. మళ్లీ కాల్చొచ్చు, బలం సగమవుద్ది, ఇంకో షరతు కూడా ఉంది: కనపడుతున్న శత్రువుల్లో అందరికంటే దగ్గరున్నవాడిని దాటి అవతలివాణ్ణి కొట్టకూడదు. నేను ఐదు గళ్ల దూరంలో ఉన్నవాడి మీద కాలుస్తానన్నా. మూడు గళ్ల దూరంలో ప్రశ్నార్థకం గుర్తు కింద, అంటే ఎవరో ఏంటో మనకు తెలియకుండా, ఒక శత్రువు అట్టముక్క దాక్కుని ఉంది.

బావ ఊరుకోలా. "ముక్కు ముందర ఒకణ్ణి పెట్టుకుని అవతలెక్కడో పొయ్యేవాణ్ణి కాలుస్తాడా ఎవడన్నా? తలకాయుందా నీకు?"

వినడానికి న్యాయంగానే ఉంది. అయితే ఆ షరతు 'తెలిసిన' శత్రువుకే వర్తిస్తుంది. ఎవరు తెలిసినవాళ్లో ఇండెక్స్‌లో రాసిపెట్టారు: కంటికి ఆనాలి, ప్రశ్నార్థకం కింద ఉండకూడదు. దాక్కున్నవాడు లెక్కలోకి రాడు, కాబట్టి నా కాల్పు చెల్లుద్ది. అదే పేరాను ఇంకొకరు 'దగ్గరివాణ్ణే కాల్చాలి' అని చదువుకున్నారు, అదీ తప్పే. ఇద్దరు ఒకే దూరంలో ఉంటే ఎవరినైనా కొట్టొచ్చు, దాటిపోకూడదు అంతే. ఇప్పుడు చెప్పండి, ఇక్కడ పాచిక వేస్తే ఏం తేలుద్ది? ఇవాళ బావకు ఆరు పడుద్ది, సాయంత్రం అదే పేచీ ఇంకో మూల వస్తే నాకు పడుద్ది, ఒకే ఆటలో పొద్దున ఒక రూలు, సాయంత్రం ఒక రూలు.

ఇంకోటి. అట్లా రెండుమూడు సార్లు కాల్చి, ఇక మామూలుగా కాల్చడానికి లేదని ఫైనల్ ఫైర్ గుర్తు పడ్డాక కూడా శత్రువు పక్క గడిలోకి వస్తే ఆఖరి ప్రయత్నంగా ఒకసారి కాల్చొచ్చు. దానికి వేసే రెండు పాచికలే కాల్చినవాడి ధైర్యానికి కూడా పరీక్ష. మామూలు జర్మన్ స్క్వాడ్ ధైర్యం 7, రెండు పాచికలూ కలిపి అది దాటి ఎనిమిదో తొమ్మిదో పడిందా, అవతలివాడికి ఏమైందో తర్వాత, మనవాడే బెదిరి చెల్లాచెదురు. ఒక ఇంజినీరింగ్ అబ్బాయి కాల్పుకొకసారి, ధైర్యానికొకసారి వేస్తానని పట్టుబట్టాడు. ఎక్కడా రెండోసారి వేయమని లేదబ్బయా అంటే, వేయొద్దని మాత్రం ఎక్కడుంది అన్నాడు! ఇదే అసలు రోగం. పుస్తకం చేయమన్నదేంటో చూడాలి గానీ వద్దనని ప్రతిదీ చేసుకుంటూ పోతే వెయ్యి పేజీలైనా చాలవు.

వరి పొలాల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థమే లేదు. పసిఫిక్ యుద్ధం కోసం పెట్టిన అధ్యాయంలో వరి మళ్లకు విడిగా రూళ్లున్నాయి. నీళ్లు తీసేసిన మడి, నీళ్లు పెట్టిన మడి, పైరు మీదున్న మడి అని మూడు రకాలు. ఏ రకమో సినారియో కార్డు, అంటే ఆ రోజు ఆడే యుద్ధం వివరాలుండే కార్డు, చెప్తుంది, ఆ కార్డు మీద రాసింది రూల్ బుక్కు కంటే పైన. మాలో కోవూరు వైపు రైతు ఒకాయన ఉన్నారు. ఆయనకు ఈ మూడు రకాలు చదివి వినిపించడం నా వల్ల కాలేదు. గట్టు మీద ఎట్లా నడుస్తారో, దమ్ము చేసిన మడిలో కాలు ఎంత దిగబడుద్దో ఆయన నాకు చెప్పారు, అంతా నిజమే, ఒక్క ముక్క కాదనలేం. కానీ ఆయన చెప్పిందాని ప్రకారం ఆడితే అవతల కూర్చున్నవాడు ఏం నమ్ముకుని ఆడాలి? ఆయన పొలం వాడు చూడలేదుగా.

పాచిక పూర్తిగా వద్దని కూడా నేను అనను. చూపు అందుతుందా లేదా తేల్చడానికి గడి మధ్య చుక్క నుంచి ఇంకో గడి మధ్య చుక్కకు దారం లాగుతాం. ముందే లాగి చూసుకోవడం కుదరదు, కాలుస్తున్నానని చెప్పాకే లాగాలి, అడ్డం తగిలితే ఆ కాల్పు దండగ. బోర్డు మీద గీసిన ఇంటి బొమ్మ అంచును దారం తాకిందా లేదా అని ఇద్దరి కళ్లూ చెరో మాట చెప్తే అప్పుడు వేసుకోండి పాచిక. మేమైతే కింద షాపులో కుర్రాణ్ణి పిలిచి చూడమంటాం, ఏ పక్షం ఏదో చెప్పకుండా.

మిగతా వాటికి పేరా మొత్తం పైకి చదవాలి, బ్రాకెట్లో ఉన్న మినహాయింపులతో సహా. అది ఇంకో రూలు నంబరుకు పంపిస్తే అక్కడికీ పోవాలి. అయినా తేలకపోతే ఒక అర్థం ఒప్పుకుని, ఆట అయ్యేదాకా రెండు పక్షాలకూ అదే వర్తింపజేసి, నోటు పుస్తకంలో రాసిపెట్టి తర్వాత పబ్లిషర్‌ను అడగొచ్చు. జవాబు మనకు ఎదురొచ్చినా అయిపోయిన ఆట అయిపోయినట్టే. ఆ పుస్తకంలోనే ఉంది, పొరపాటు జరిగిన చోటు దాటి ఆట ముందుకెళ్లాక దాని ఫలితం మార్చడానికి లేదని. నాకు బాగా నచ్చిన రూలు అది, ఓడినాయనకు ఎప్పుడూ నచ్చదు.

మీరు ఈ శీర్షిక కొనసాగిస్తే ఒక పని చేయండి. పులిజూదం రూళ్లు పంపమని జిల్లాలో పాఠకులను అడగండి. మేకలన్నీ పెట్టకముందే ఒక మేకను కదపొచ్చా, పులికి దూకే వీలుంటే దూకి తీరాలా అని ఈ రెండే అడిగినా చాలు. ఉదయగిరి వాళ్లూ, కావలి వాళ్లూ, అవతల కందుకూరు వాళ్లూ ఏమంటారో చూద్దాం. వచ్చినవన్నీ కోయకుండా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
మూలాపేట, నెల్లూరు