నేల కింది పనులు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన అపార్ట్‌మెంటు సంఘం సొమ్ము, శ్రమ దాదాపు అంతా నేల కిందే ఖర్చయింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు మన సెల్లారూ మునిగింది. గండ్లు పూడ్చారు, వీధుల్లో నీరు తీసింది, మోటార్లు పెట్టి సెల్లారు తోడించాం. అయినా పడమటి గోడ నేలను కలిసే చోట ఊట ఆగలేదు.

మొదట లోపలి వైపు సిమెంటు పూత వేయించాం. ఆ నిర్ణయం తప్పు, బాధ్యత కార్యవర్గానిది. మీటరు లోతున నీరు చదరపు మీటరుకు టన్ను చొప్పున నెడుతుంది. పూత నెల తిరగకుండానే ఉబ్బి పెచ్చులుగా రాలింది.

రెండోసారి పగులు లోపలే నింపించాం. దానికి అటొకటి ఇటొకటిగా, గోడ మందం మధ్యలో పగులును తాకేలా ఏటవాలుగా రంధ్రాలు వేసి, ప్యాకర్లు (మందు ఎక్కించే చిన్న గొట్టాలు) బిగించి పాలియురిథేన్ అనే రసాయనం ఎక్కించారు. నీరు తగిలితే అది నురగలా పొంగి సందులు పూడుస్తుంది. ఒక ప్యాకరులో ఎక్కిస్తుంటే పక్కదాని నుంచి ముందు బురదనీరు, తరువాత నురగ వచ్చింది. అది చూశాకే మేస్త్రీ గొట్టం పక్కకు మార్చాడు. పగుళ్లు అతికే ఎపాక్సీ జిగురు ఎందుకు వాడలేదని కొందరు అడిగారు. మామూలు ఎపాక్సీకి పగులు పొడిగా ఉండాలి. మనది నీరు కారుతున్న జాయింటు.

సంపు సంగతి అంతకన్నా ముఖ్యం, పిల్లలు తాగే నీరు అది. సంపు కారితే నీరు వృథా అని మాత్రమే అనుకుంటాం. వానాకాలంలో భూగర్భజలం పైకొచ్చి, సంపులో మట్టం తగ్గినప్పుడు అదే పగులు గుండా బయటి నీరు లోపలికి వస్తుంది. మన సంపు పక్కనే మురుగు గొట్టం ఉంది. ఫిబ్రవరిలో ఒక రాత్రి సంపు నింపి, వాల్వులన్నీ కట్టేసి, గోడ మీద సుద్దతో గీత గీశాం. తెల్లవారేసరికి నీరు మూరెడు దిగి, అక్కడితో ఆగింది. సరిగ్గా ఆ ఎత్తులోనే, పైపు గోడలోకి దూరే చోట పగులు దొరికింది. అక్కడ చెక్కించి, త్వరగా బిగిసే సిమెంటు కూరి, తాగునీటి తొట్లకు వేసే పూత వేయించాం. ఆరాక బ్లీచింగ్‌తో కడిగి, మొదట నింపిన నీరు వదిలేశాం. ఆ వారం మెట్ల మీదుగా బిందెలు మోసిన పెద్దలకు మా క్షమాపణలు.

చవితి పందిరి వేయలేదు. దానికి దాచిన సొమ్ము మోటార్ల అద్దెకు వెళ్లింది. జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి.

రెండు పనులు మిగిలాయి. లిఫ్టు గుంతలో చెమ్మ ఉంది. సెల్లారులో రెండు స్తంభాలకు పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచలు బయటపడ్డాయి. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. కాబట్టి స్తంభాల పనిని కొత్త కార్యవర్గం వానలకు ముందే చేపట్టాలని కోరుతున్నాం.

పడమటి గోడకు ఆనించి ఎవరూ సామాను పెట్టవద్దని మనవి. ఊట మళ్లీ మొదలైతే మొదటి రోజే కనిపించాలి.

— కార్యదర్శి