మామోగ్రామ్ రిపోర్టులో ఆ ఒక్క అక్షరం

సంపాదకులకు నమస్కారాలు.

రొమ్ము క్యాన్సర్‌ను తొలిదశలోనే పట్టుకోవడానికి మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే చేయించుకోవాలని అందరూ చెబుతున్నారు. అందులో నాకు సందేహం లేదు. అయితే ఆ పరీక్షకు అందరి రొమ్ములూ ఒకే స్పష్టతతో కనిపించవన్న సంగతిని, పరీక్ష చేయించుకున్న స్త్రీకి విడమరిచి చెప్పేవారు తక్కువ.

మా అక్కకు మామోగ్రామ్ తీసినప్పుడు అంతా బాగానే ఉందన్నారు. తొమ్మిది నెలలు తిరగకముందే స్నానం చేస్తుండగా చేతికి గడ్డ తగిలింది. అది క్యాన్సరని తేలాక పాత రిపోర్టు తీసి చూస్తే, కణజాలం అత్యంత సాంద్రమైనదనీ, 'డి' వర్గానికి చెందినదనీ చివరి పంక్తుల్లో రాసి ఉంది. రాసినవారు తమ పని తాము చేశారు. దాని అర్థం మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రొమ్ములో కొవ్వుతో పాటు పాలగ్రంథులు, వాటిని పట్టి ఉంచే పీచు కణజాలం ఉంటాయి. ఎక్స్‌రేలో కొవ్వు నల్లగానూ, మిగిలినవి తెల్లగానూ కనిపిస్తాయి. కణితి కూడా తెల్లగానే కనిపిస్తుంది కాబట్టి, గ్రంథులూ పీచూ ఎక్కువగా ఉన్నచోట తెలుపులో తెలుపు కలిసిపోయి అది దాగిపోవచ్చు. సాంద్రతను 'ఎ' నుంచి 'డి' వరకు నాలుగు వర్గాలుగా చెబుతారు. చివరి రెండూ సాంద్రమైనవి. 40 ఏళ్లు దాటిన స్త్రీలలో దాదాపు సగం మంది ఈ రెండింటిలోకే వస్తారు. ఇది జబ్బు కాదు, తాకి చూస్తే తెలిసేదీ కాదు. అయితే కణితిని దాచడమే కాక, క్యాన్సర్ వచ్చే అవకాశాన్ని కూడా సాంద్రత కొంత పెంచుతుంది. మామోగ్రామ్‌లో కనిపించినదాన్ని అంకెలో చెప్పే పద్ధతి బైరాడ్స్. రిపోర్టులో, క్యాన్సర్ అనుమానం లేదని తెలిపే 1 లేదా 2 అనే బైరాడ్స్ అంకె చూసి మనం ఊరట పడతాం. ఆ ఊరటను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పేది మాత్రం పక్కనున్న అక్షరమే.

అమెరికాలో ఈ సమాచారాన్ని స్త్రీలకు తెలపాలని 2009లో కనెక్టికట్ రాష్ట్రం చట్టం చేసింది. మామోగ్రామ్ బాగుందన్న కొద్ది వారాలకే ముదిరిన క్యాన్సర్ బయటపడిన నాన్సీ కాపెల్లో పట్టుదల దాని వెనుక ఉంది. 2024 సెప్టెంబరు 10 నుంచి ఆ దేశమంతటా ఇది తప్పనిసరి అయింది. నెదర్లాండ్స్‌లో, మామోగ్రామ్ సాధారణంగా ఉండి అత్యంత సాంద్రమైన కణజాలం గల 50–75 ఏళ్ల స్త్రీలను అదనంగా ఎంఆర్ఐకి పిలిచి చూస్తే, రెండు పరీక్షల మధ్యకాలంలో బయటపడే క్యాన్సర్లు వెయ్యికి 5 నుంచి 2.5కు తగ్గాయని 2019లో వెల్లడైంది. అదనపు పరీక్షల వల్ల లేనిపోని అనుమానాలు, అనవసరపు బయాప్సీలు (కణజాలపు ముక్క తీసి చేసే పరీక్షలు) కూడా కలగవచ్చు కనుక అవి అందరికీ అవసరమా అన్నదానిపై నిపుణులలో ఏకాభిప్రాయం లేదు. అలాగని మామోగ్రామ్‌ను మానుకోకూడదు. కొన్ని క్యాన్సర్లకు తొలి గుర్తుగా కనబడే సున్నపు రేణువులను బాగా పట్టేది అదే.

నేను కోరేది ఇంతే. పరీక్ష చేసేవారు సాంద్రత వర్గాన్ని రిపోర్టు మొదట్లోనే, ఆ స్త్రీ చదవగలిగే భాషలో రాసి ఇవ్వాలి. 'సి' లేదా 'డి' అని వస్తే, కుటుంబంలో ఎవరికైనా ఈ జబ్బు ఉందా, అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్ఐ అవసరమా అన్నది వైద్యులు ఆమెతో కూర్చుని మాట్లాడాలి. తరువాతి పరీక్షకు ముందే మార్పు ఏదైనా కనిపిస్తే, పాత రిపోర్టు బాగుందని ఆగకుండా వెంటనే రమ్మని ఆనాడే చెప్పి పంపాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు