మా అత్తయ్యకు ఇప్పుడు మనుషులు ఒక్కరుగానే కనిపిస్తున్నారు: అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. అత్తయ్యకు మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం ఒకచోట బుడగలా ఉబ్బింది, దానివల్ల ఒక్కొక్కరు ఇద్దరుగా కనిపించేవారు. ఆ ఉబ్బులోకి రక్తం పోకుండా నాళంలో ఫ్లో డైవర్టర్ అనే సన్న జల్లెడ గొట్టం పెట్టించినప్పుడు సాయం చేసినవాళ్ల గురించి రాయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. ఆపరేషన్ అయిన రోజే రాద్దామనుకున్నా, ఈ వైద్యంలో ఆ రోజు ఫలితం తేలదు. ఆరు నెలల యాంజియోగ్రామ్ పోయిన వారం అయింది. ఉబ్బులోకి రక్తం వెళ్లడం లేదు, పూర్తిగా మూసుకుపోయింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి దండం ఒంగోలులోని కంటి డాక్టరమ్మకు. టీవీలో ఒక్కొక్కరు ఇద్దరుగా కనిపిస్తున్నారంటే, అంతకుముందు చూపించిన చోట కళ్లద్దాలు మార్చి పంపేశారు. ఈవిడ అద్దాల జోలికే పోలేదు. "ఒక కన్ను మూసి చూడండమ్మా, ఇప్పుడు ఎంతమంది?" అని అడిగారు. ఒక్కరే. రెండో కన్ను మూసినా ఒక్కరే. ఆ తర్వాత తన పెన్ను మెల్లగా ఎడమవైపు జరుపుతూ పోతే, అత్తయ్య ఎడమ కన్ను సగం దాకా వెళ్లి ఆగిపోయింది. కంటిలోనే లోపం ఉంటే ఆ ఒక్క కంటితో చూసినా రెండుగానే కనిపిస్తుందట. ఏ కన్ను మూసినా ఒకటే కనిపిస్తే, రెండు కళ్లూ కలిసి తిరగడం లేదని అర్థమట. "ఇది నా దగ్గర తేలేది కాదు, ఈరోజే ఎంఆర్ఐ తీయించండి" అని చీటీ రాసిచ్చారు. ఫీజు కూడా తీసుకోలేదు.

ఎంఆర్ఐలో బయటపడింది. ఎడమ కన్ను వెనక, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని మీద 18 మిల్లీమీటర్ల ఉబ్బు. దాన్నే అన్యూరిజం అంటారు. కంటిని పక్కకు తిప్పే నరాన్ని అది నొక్కేస్తోంది.

హైదరాబాద్‌లో మాకు దొరికిన డాక్టర్‌గారి ఓపిక గురించి ఎంత చెప్పినా తక్కువే. తల తెరిచి క్లిప్ పెట్టాలంటే ఆ చోటుకు చేరడమే కష్టం. ఉబ్బులో కాయిల్స్ అనే సన్న తీగ చుట్టలు నింపాలంటే దాని మూతి మరీ వెడల్పు, అవి జారి నాళంలోకి వచ్చేయొచ్చు. ఇవన్నీ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. తర్వాత అత్తయ్యకు పెట్టబోయే ఫ్లో డైవర్టర్, పైప్‌లైన్ అనే స్టెంట్ శాంపిల్ ఒకటి మామయ్యగారి అరచేతిలో పెట్టారు. కోబాల్ట్ క్రోమియం, ప్లాటినం కలిసిన 48 సన్న తీగల అల్లిక అది. మామయ్యగారు వేళ్లతో నొక్కి వదిలితే మళ్లీ తెరుచుకుంది. "ఇది మా టీ వడగట్టులా ఉందండీ, ఈ సందుల్లోంచి రక్తం పోదా?" అని అడిగారు. "పోతుంది, కానీ జోరు తగ్గిపోతుంది. లోపల కదలిక లేక గడ్డకడుతుంది. నెలలు గడిచేకొద్దీ ఈ తీగల మీద నాళం లోపలి పొర పెరిగి మూతిని కప్పేస్తుంది. పక్కనున్న చిన్న నాళాలకు రక్తం అందాలంటే ఆ సందులు ఉండాల్సిందే" అన్నారు.

చెడ్డ సంగతులూ దాచలేదు. ఈ స్టెంట్‌తో జరిపిన పఫ్స్ అనే అధ్యయనంలో నూటికి దాదాపు 74 మందికి ఆరు నెలల్లో, 87 మందికి ఏడాదిలో ఉబ్బు మూసుకుందనీ, ఐదారుగురికి మాత్రం పెద్ద స్ట్రోకో ప్రాణనష్టమో జరిగిందనీ చెప్పాకే సంతకం పెట్టించుకున్నారు.

"తల కోయలేదు, తొడ దగ్గర చిన్న గాటు పెట్టి నాళంలోంచి పంపారంతే, దానికి ఇన్ని లక్షలా?" అని అడిగిన చుట్టాలున్నారు. బిల్లులో సగానికి పైగా ఆ స్టెంట్‌దేనండీ. డబ్బు సర్దిన మామయ్యగారి ఆర్టీసీ డిపో స్నేహితులకు, అత్తయ్యతో కలిసి జాకెట్లు కుట్టే అక్కలకు, డల్లాస్ నుంచి పంపిన మా మరిదికి, అతని రూమ్మేట్లకు ఎలా రుణం తీర్చుకోవాలో తెలియదు. ఎస్టిమేట్ మీద స్టాంపు లేదని సీఎం సహాయనిధి ఎల్‌ఓసీ (ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) ఆగిపోతే, ఎమ్మెల్యే ఆఫీసులో ఒక తమ్ముడు రాత్రి పదింటికి ఫోన్ చేసి మరీ ఆ కాగితం మళ్లీ తెప్పించుకున్నాడు.

అసలు టెన్షన్ అంతా మాత్రల దగ్గరే పడ్డాం. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ ముందే మొదలుపెట్టారు. రక్తపరీక్షలో అది అత్తయ్య మీద సరిగా పనిచేయడం లేదని తేలి, రోజుకు రెండుపూటలా వేసుకునే టికాగ్రెలార్‌కు మార్చారు. ఒక్క పూట కూడా తప్పకూడదన్నారు. మా వీధి చివర మెడికల్ షాపు బాబాయ్ అప్పటి నుంచి ఒక డబ్బా మా పేరు రాసి విడిగా పెడుతున్నాడు. అయిపోయే ముందు ఆయనే గుర్తుచేస్తాడు. మధ్యలో పన్ను నొప్పి వచ్చింది. పీకించేయమని అత్తయ్య ఒకటే గొడవ. డెంటిస్టు మాత్రం హైదరాబాద్ డాక్టర్‌గారితో మాట్లాడేదాకా పన్ను ముట్టుకోనన్నారు. మాట్లాడాక మాత్రలు ఆపకుండానే రూట్ కెనాల్ చేసి పంపారు. ఆ రోజు అత్తయ్య ఆయన్ని తిట్టింది, ఇప్పుడు ఆవకాయ పంపిస్తోంది.

ఉబ్బు కుంచించుకుపోవడంతో నరం మీద ఒత్తిడి తగ్గింది. కన్ను ఎడమవైపు దాదాపు పూర్తిగా తిరుగుతోంది. బాగా పక్కకు చూస్తే ఇంకా కొంచెం రెండుగా ఉంటుందట. మాత్రల్లో ఒకటి ఎప్పుడు ఆపాలో డాక్టర్‌గారే చెబుతారు, ఆస్పిరిన్ మాత్రం కొనసాగుతుంది. బిల్లులు, ఎవరెవరు ఎంత ఇచ్చారో రాసిన పుస్తకం మా ఆయన దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. కొంత సొమ్ము మిగిలింది. తర్వాతి యాంజియోగ్రామ్‌కు ఉంచుకోమని చాలామంది అన్నారు. వద్దు, వెనక్కి ఇవ్వండి అనేవాళ్లు మొహమాటపడకుండా ఒక మెసేజ్ పెట్టండి.