గట్టు రోడ్డున నడిచేవాళ్ల తరఫున కృతజ్ఞతలు

అందరికీ నమస్కారమండి.

కోనసీమలో కాలువ గట్టు రోడ్డు మీద, మా ఊరి వంతెన దగ్గర నడిచేవాళ్ల కోసం మొదలైన పని ఒక కొలిక్కి వచ్చింది. అందులో చెయ్యి వేసినవాళ్లందరికీ ఊరి రోడ్డు భద్రత కమిటీ తరఫున ఈ నాలుగు మాటలు. పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు. అందుకని చేసిన పని చెప్పి దణ్ణం పెడుతున్నాం. కొలతలు కూడా రాస్తున్నాం, కాలువ వెంట ఉన్న మిగతా ఊళ్లకు పనికొస్తాయని.

దేశం మొత్తమ్మీద 2016లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 15,746 మంది. 2022లో 32,825 మంది. కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన లెక్కలివి. ఆరేళ్లలో రెట్టింపు దాటింది. మన డెల్టాలో ఎందుకు పెరుగుతోందో గట్టు మీద నిలబడి చూస్తే తెలుస్తుంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క ఇళ్లు, ఫుట్‌పాత్ అన్న మాటే లేదు. గోతులున్నంత కాలం బండ్లు మెల్లగా పోయేవి. తారు బాగుపడ్డాక అదే రోడ్డు మీద రొయ్యల వ్యాన్లు, కొబ్బరి లారీలు, కాలేజీ బస్సులు అరవైలో పోతున్నాయి. నడిచేవాళ్ల జాగా మాత్రం తగ్గింది. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తే ఆ మట్టి రోడ్డు పక్క మార్జిన్ మీదే పడుతుంది. వానాకాలంలో తుప్పలు తారు అంచు దాకా వస్తాయి. మనిషి నడవాల్సింది ఇక తారు మీదే.

మొదటి దణ్ణం ఆర్ అండ్ బి సెక్షన్ ఇంజినీరు గారికి, ఎండలో నిలబడి తారు పోసిన కూలీలకు. వాళ్లు వేసిన హంపు (స్పీడ్ బ్రేకర్) విలువ తెలియాలంటే వంతెన లెక్క తెలియాలి. మన కాలువల మీద పడవలు నడిచేవి కాబట్టి పాత వంతెనలు ఎత్తుగా కట్టారు. అవతలి నుంచి వచ్చే బండి వంతెన నడిమికి ఎక్కేదాకా ఇవతల బస్టాపు దగ్గర దాటేవాళ్లకు కనబడదు. వాళ్లు డ్రైవరుకూ కనబడరు. కనబడిన చోటు నుంచి దాటే చోటికి ఉన్నది యాభై మీటర్లు. డ్రైవరు చూసి, బ్రేకు తొక్కి, బండి పూర్తిగా ఆగడానికి గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 80 మీటర్లు, 40లో 45 మీటర్లు, 30లో 30 మీటర్లు కావాలని, రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలు చెబుతాయి. అంటే అరవైలో వచ్చేవాడు ఎంత మంచి డ్రైవరైనా ఆ యాభై మీటర్లలో ఆపుతాడన్న భరోసా లేదు.

దాటే మనిషి వైపు నుంచీ చూడండి. సెకనుకు 1.2 మీటర్లు మామూలు నడక. ఐదున్నర మీటర్ల తారు దాటడానికి నాలుగున్నర సెకన్ల పైన పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు ఏడు సెకన్లు. ఆ ఏడు సెకన్లలో అరవై వేగంలో ఉన్న బండి 115 మీటర్ల పైనే వచ్చేస్తుంది. ఆవిడ అడుగు వేసినప్పుడు రోడ్డు నిజంగానే ఖాళీగా ఉంది. ‘చూసుకుని దాటాలి కదా’ అని చనిపోయినవాళ్ల మీద తప్పు తోసేసే మాట మనందరి నోటా తేలిగ్గా వస్తుంది. ఇక్కడ చూసుకుని దాటినా చాలదు, బండి వేగమే తగ్గాలి. వేగం 50 నుంచి 65కి పెరిగితే, కారు ముందుభాగం తగిలిన పాదచారి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అందుకే ఇంజినీరు గారు గంటకు 25 కిలోమీటర్లకు సరిపడే హంపు వేయించారు. బండి పోయే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, నడిమిన 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థంలో గుండ్రంగా వచ్చే వంపు. దీనికి ముందుగా ఒక చెక్క అచ్చు కోయించారు. నడిమిన పది సెంటీమీటర్లు, నడిమి నుంచి చెరో పక్క 92 సెంటీమీటర్ల దగ్గర ఏడున్నర, అంచు దగ్గర సున్నా. రోలరు తిరిగిన ప్రతిసారీ ఆ అచ్చు అడ్డంగా పెట్టి, కిందనుంచి వెలుతురు కనబడిన చోట మళ్లీ మాలు వేయించారు. పాత తారు గీకి, దుమ్ము ఊడ్చి, ఎమల్షన్ (పల్చటి తారు) పూశాకే మాలు పోశారు. ఆ పూత లేకపోతే లారీ బ్రేకు వేసినప్పుడల్లా హంపు ముందుకు జరిగి, మొదటి వానాకాలానికే ముక్కలవుతుంది.

ఊళ్లలో రాత్రికి రాత్రి కంకర, సిమెంటుతో వేసుకునే అడుగు వెడల్పు దిమ్మలు ఎందుకు పనికిరావో కూడా చెప్పాలి. బైకులవాళ్లు అది తప్పించుకోవడానికి అంచుకు దిగుతారు. నడిచేవాళ్లు ఉండేది ఆ అంచునే. చీకట్లో తెలియని బైకు ఎగిరి పడుతుంది. ఆటోలో ఉన్న నిండు గర్భిణికి, నడుం నొప్పి ఉన్న ముసలాయనకు అది శిక్ష. అసలు హంపు కూడా అంచు దాకా లేకపోతే ఇదే గతి. అందుకని మురుగు పోయేంత సందు వదిలి, ఆ సందులో బైకు దూరకుండా రాతి గుంజ పాతారు. ఏటవాలు మీద కాకుండా, వంతెన ఎక్కకముందు చదునుగా ఉన్న చోటే అటూ ఇటూ వేశారు. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు పెట్టారు. హంపు మీద తెలుపు, నలుపు పట్టీలు గీశారు. ఈ పట్టీలు వానాకాలం వెళ్లేసరికి అరిగిపోతాయి. రంగు పోయిన హంపు అసలు హంపు లేనిదానికన్నా ప్రమాదం. ఏటా దీపావళి లోపు మళ్లీ వేయించే బాధ్యత పంచాయతీ తీసుకుంది. సర్పంచి గారికి, కార్యదర్శి గారికి ధన్యవాదాలు.

బస్టాపును కొంచెం ముందుకు జరిపించిన ఆర్టీసీ డిపో వారికి కూడా. ఇదివరకు దాటేచోటు బస్సు ముక్కు ముందు ఉండేది. దిగినవాళ్లు బస్సు ముందు నుంచి రోడ్డెక్కితే, బస్సును దాటుకుంటూ వచ్చే బైకుకు వాళ్లు కనిపించేది చివరి క్షణంలోనే. ఇప్పుడు జనం దాటేచోటును దాటి వచ్చాకే బస్సు ఆగుతుంది కాబట్టి జనం బస్సు వెనక నుంచి దాటుతారు. ఖర్చు ఒక బోర్డు పీకి ఇంకోచోట పాతడమే.

వీధి దీపం విషయంలో లైన్‌మన్ గారు చెప్పిన మాట మాకు కొత్త. దీపం దాటేచోటికి సరిగ్గా నెత్తిమీద ఉండకూడదు, బండి వచ్చే వైపు కొంచెం ముందు ఉండాలి. అప్పుడు వెలుతురు మనిషి మీద డ్రైవరు చూసే వైపున పడుతుంది. వెనక నుంచి పడితే నల్లటి నీడే కనిపిస్తుంది. రెండు వైపుల నుంచీ బండ్లు వస్తాయి కాబట్టి రెండు దీపాలు బిగించారు.

మార్జిన్ పనికి ట్రాక్టర్లు ఇచ్చిన రైతులకు రుణపడి ఉన్నాం. మన నల్లమట్టి తడిస్తే కాలు జారుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. తారు అంచు కన్నా మార్జిన్ జానెడు కిందికి ఉంటే బండి వచ్చినా మనిషి దిగడు, దిగితే మడమ మెలిక పడుతుంది. మెట్ట నుంచి గ్రావెల్ తెప్పించి, 15 సెంటీమీటర్ల మందాన పొర వేసి, నీళ్లు చల్లి తొక్కించి, పైన మరో పొర వేశారు. ఒకేసారి గుట్టలా పోస్తే పైన గట్టిపడి కింద గుల్లగా ఉంటుంది. మొదటి వానకే కాలువలోకి జారిపోతుంది. పూడిక మట్టి ఇకమీదట నడిచే వైపు పోయకుండా చూస్తామని నీటిపారుదల సిబ్బంది ఒప్పుకున్నారు. అది పెద్ద సాయం.

ధాన్యం ఆరబోత గురించి రాయకపోతే ఈ పోస్టు అబద్ధమవుతుంది. కళ్లాలు లేక రోడ్డెక్కుతున్న రైతు కష్టం మాకు తెలుసు. తేమ 17 శాతానికి రాకపోతే మిల్లు దగ్గర కోత పడుతుంది. అయితే అసలు ప్రమాదం ధాన్యం కన్నా దాని చుట్టూ పెట్టే రాళ్లలో, రాత్రి కప్పే నల్ల బరకంలో ఉంది. చీకట్లో బరకం తారులో కలిసిపోతుంది. బైకు రాయికి తగిలి, పక్కన నడిచేవాళ్ల మీదకు వస్తుంది. ఈ రబీకి వంతెన ఏటవాలు మీద, మలుపుల్లో, బడి ముందు ఆరబోయకుండా ఉన్న రైతులకు, రాళ్ల బదులు ఇసుక బస్తాలు పెట్టి, వాటికి తెల్ల సంచులు తొడిగినవాళ్లకు చేతులెత్తి మొక్కుతున్నాం. తన రైస్‌మిల్లు ఖాళీ స్థలం ఆరబోతకు ఇచ్చిన యజమాని గారి మేలు చిన్నది కాదు.

రేడియం టేపు అతికించిన వెల్డింగ్ షాపు కుర్రాళ్ల పని కూడా దగ్గరగా చూడాల్సిందే. లైట్లు లేని ట్రాక్టరు తొట్టి వెనక ఎర్ర టేపు, పక్కలకు పసుపు, ముందు తెలుపు, 50 మిల్లీమీటర్ల వెడల్పు. తుప్పు మీదో బురద మీదో అంటిస్తే నెలకే ఊడుతుంది. ముందు ఇసుక కాగితంతో రుద్ది, థిన్నరుతో తుడిచి, ఆరాక అంటించాలి. పలకల అతుకు మీదుగా ఒకే ముక్క వేస్తే చిరుగుతుంది కాబట్టి అతుకు దగ్గర కోసేయాలి. గడ్డి ట్రాక్టరు సంగతి వేరు. గడ్డి కిందికి వేలాడి టేపును పూర్తిగా కప్పేస్తుంది. దానికి కుర్రాళ్లు ఒక మీటరు చెక్క పట్టీకి టేపు అంటించి, రెండు కొక్కేలు బిగించారు. గడ్డి కట్టాక ఆ పట్టీని మోకుకు తగిలిస్తే చాలు.

శనివారం తెల్లవారుజామున వాడపల్లి వెంకన్న దర్శనానికి కాలినడకన వెళ్లే భక్తులకు సంచుల మీద ఇదే టేపు కుట్టి ఇచ్చిన డ్వాక్రా అక్కచెల్లెళ్లకు వందనాలు. ముదురు రంగు బట్టలు కట్టుకున్న మనిషి డిమ్ లైటులో బాగా దగ్గరికి వచ్చాక గానీ కనబడడు. టేపు ఉంటే వంద మీటర్లకు పైగా దూరం నుంచే మెరుస్తుంది. నడిచేటప్పుడు ఎదురొచ్చే బండి కంటపడేలా కుడి పక్కన, ఒకరి వెనక ఒకరు. గుంపులో ఆఖరి మనిషి చేతిలో ఎర్ర టార్చి, వెనక్కి తిప్పి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా కాలువ మీద మంచు దిగే రోజుల్లో వెలుతురు వచ్చాకే బయల్దేరమని పూజారి గారు మైకులో చెబుతున్నారు. ఆ మాట మేం వందసార్లు చెప్పినా అంతమంది వినరు.

చివరిగా ఆటో స్టాండు అన్నదమ్ములకు, వాళ్లకు నేర్పిన ఏఎన్ఎం అమ్మగారికి. ప్రమాదం జరిగితే ముందు ఒకరు రెండు వైపులా బండ్లను ఆపాలి, రెండో ప్రమాదం జరిగేది అక్కడే. 108కి ఫోను చేసి వంతెన పేరు, కాలువ ఏ గట్టో చెప్పాలి. గట్టు పేరు చెప్పకపోతే అంబులెన్సు అవతలి గట్టుకు వెళ్లి, వంతెన కోసం తిరిగి రావాల్సి వస్తుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి, వదలకుండా గట్టిగా నొక్కాలి. తడిసిపోతే తీయకుండా దాని మీదే ఇంకోటి పెట్టాలి. మంచినీళ్లు పట్టకూడదు. కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కుక్కకూడదు, మెడ దెబ్బ ఉంటే ఆ ఎత్తడంలోనే వెన్నుపాము దెబ్బతినొచ్చు. తప్పనిసరై కదపాల్సి వస్తే తల, మెడ, నడుం ఒకే వరుసలో ఉండేలా నలుగురు కలిసి పలక మీదికి తీసుకోవాలి.

సాయం చేస్తే కేసు చుట్టుకుంటుందన్న భయం ఇంకా పోలేదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్ సాయపడినవాళ్లకు రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతం చేయడానికి వీల్లేదు. 2025 మేలో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందుతుంది. పోలీసులకు ప్రమాదం సంగతి వెంటనే తెలియాలి. గుద్దిన బండి దొరక్కుండా పారిపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకంలో చనిపోయినవారి కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి యాభై వేలు వస్తాయి. ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం లేదా గాయాల రిపోర్టు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం జాగ్రత్తగా ఉంచుకోవాలి. దరఖాస్తు రెవెన్యూ అధికారుల దగ్గరే పెట్టుకోవాలి. ఈ పథకాల వివరాలు పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించిన హైస్కూలు తెలుగు మాస్టారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

రేడియం టేపు ఎర్రది, పసుపుది ఇంకా మిగిలింది. కోతలు మొదలయ్యేలోపు ట్రాక్టరు తొట్టి ఉన్నవాళ్లు, పక్క ఊళ్లవాళ్లయినా సరే, పంచాయతీ ఆఫీసుకు వచ్చి తీసుకెళ్లండి. తొట్టి కడిగి, ఆరబెట్టి తీసుకొస్తే కుర్రాళ్లు అక్కడే అంటించి ఇస్తారు.