గిరీశం పద్దు

విజయనగరం

చిరంజీవి చిన్నారికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

నువ్వు పంపిన కథను రెండుసార్లు చదివాను. మొదటిసారి నువ్వు రాశావన్న సంతోషంతో చదివాను కనుక దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. గురజాడవారి నాటకం ‘కన్యాశుల్కం’ ముగిసిన చోట కథను ఎత్తుకోవడం, వకీలు సౌజన్యారావు పంతులు పూనా వితంతు శరణాలయానికి పంపించిన పడుచు వితంతువు బుచ్చమ్మను వెతుక్కుంటూ, ఆమెను మాయమాటలతో లేవదీసుకుపోయిన గిరీశం అక్కడికి చేరడం నాకు నచ్చాయి. మీరు ఫ్యాన్ ఫిక్షన్ అని పిలుచుకునే ఈ పని మనవాళ్లకు కొత్తదేమీ కాదు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. అయినా ఆమె పెళ్లి కథ మన జానపదుల నోళ్లలో నాని, 1957లో ‘మాయాబజార్’ చిత్రమై ఇప్పటికీ మనల్ని కూర్చోబెడుతోంది. ఆ కథలోని ఘటోత్కచుడు భారతంలో ఎన్నడూ చేయని పనులు చేస్తాడు, కానీ తండ్రి వైపువారికి కష్టం వస్తే పరుగెత్తుకు వచ్చే ఆ గుణం భారతంలోనిదే. అందువల్లనే ఆ చిలిపి పనులన్నీ అతను చేసి ఉంటాడనే మనకు అనిపిస్తుంది.

ఇక నీ గిరీశం సంగతి. శరణాలయం వసారాలో బుచ్చమ్మ పుస్తకం చదువుకుంటుండగా అతను గోడ అవతల నుంచి చూశాడు, కన్నీళ్లు పెట్టుకున్నాడు, తరువాతి పేరాకల్లా బీద పిల్లలకు బడి పెట్టేశాడు. అమ్మా, గిరీశం కన్నీళ్లు పెట్టుకుంటే నేను నమ్ముతాను; అతనికి అది చేతనైన విద్యే. శిష్యుడు వెంకటేశం దగ్గర ఒక మాట, వాడి తండ్రి అగ్నిహోత్రావధానుల దగ్గర ఒక మాట, బుచ్చమ్మ దగ్గర మరొక మాట చెప్పి, ఎదుటివారిని బట్టి కొత్త మనిషిగా కనిపించడమే అతని స్వభావం. అటువంటివాడు మారాడని చెప్పాలంటే చూసేవారెవరూ లేని చోట ఏం చేశాడో చూపించాలి. నీ కథలో గోడ అవతల అతను ఒక్కడే ఉన్నాడు, కానీ ఆ ఏడుపు మాత్రం ఎదుట సభ ఉన్నట్టే సాగింది. ఆ రెండు పేరాల మధ్య నువ్వు దాటేసిన కాలమంతా నాకు కావాలి.

గురజాడవారు ఈ విషయంలో ఎంత ఓపిక పట్టారో చూడు. నాటకాన్ని మన ఊళ్లో మొదట ఆడింది 1892లో. పుస్తకంగా వచ్చింది 1897లో. తరువాత ఆయన దాన్ని దాదాపు కొత్తగా రాసి 1909లో రెండో కూర్పుగా వేశారు. మనం ఇవాళ చదువుకునే వేశ్య మధురవాణి ఆ రెండో కూర్పులో పెరిగి పెద్దదైన మధురవాణి. మొదటి దానిలో ఆమె పాత్ర చాలా చిన్నది. చివర ఆమె మగవేషంలో సౌజన్యారావు ఇంటికి వెళ్లి, తాను చెప్పబోయే రహస్యానికి వెలగా ఒక ముద్దు అడిగి, ఆయన ఒప్పుకున్న తరువాత తానే వద్దని వదులుకుంటుంది. ఈ ఘట్టాన్ని విడిగా చదివినవారికి ఒక వేశ్యను హఠాత్తుగా దేవతను చేసినట్టు తోచవచ్చు. కానీ అంతకు చాలా ముందే, బుచ్చమ్మ చెల్లెలు సుబ్బికి ముసలివాడితో పెళ్లి తప్పించడానికి సాయం చేయమని ఆ పిల్ల మేనమామ కరటకశాస్త్రి వచ్చినప్పుడే, ఆమె మనసు ఎటు మొగ్గుతుందో మనం చూసి ఉన్నాం. ఆ మనసున్న మనిషే తనను ఉంచుకున్న రామప్పపంతులును ఆడించింది, అబద్ధాలాడింది, తన మెడ నగ కంటె కోసం అతన్ని నిలదీసింది. సౌజన్యారావు ఎదుట నిలబడినప్పుడు కూడా ఆ కొంటెతనం ఆమెను విడిచిపోలేదు. మంచితనం వచ్చి కొంటెతనాన్ని తుడిచిపెట్టి ఉంటే ఆ రంగం నాకు రుచించేది కాదు.

ఇతరుల పాత్రను తీసుకుని దాన్ని పూర్తిగా మరో దారి పట్టించకూడదని నేను అనడం లేదు. ఓల్గా గారి ‘విముక్త’లో శూర్పణఖ అందమైన తోటను పెంచే స్త్రీగా సీతకు ఎదురవుతుంది. రామాయణంలో ముక్కూ చెవులూ పోగొట్టుకుని మనకు కనుమరుగైపోయిన మనిషి ఆమె. ఆ తోట దాకా రావడానికి తన కోపంతోనూ, తన రూపం మీది ఏవగింపుతోనూ ఎంత పోరాడవలసి వచ్చిందో ఆమె నోటనే వింటాం కనుక ఆ ప్రశాంతతను నమ్ముతాం. నీ గిరీశం ఎవరితో పోరాడాడు?

బుచ్చమ్మ గురించి నాకు ఇంకొంచెం దిగులుగా ఉంది, ఎందుకంటే నీ కథలో నిజంగా మారగలిగినది ఆమె. పూనాకు వచ్చిన మూడు నెలలకే ఆమె చేత స్త్రీల హక్కుల మీద ఉపన్యాసం ఇప్పించావు. ఆ మాటలు నీవి, ఆమెవి కావు. నాటకంలో ఆమె ఇల్లు విడిచి వెళ్లడానికి ఒప్పుకున్నది ముఖ్యంగా చెల్లెలి పెళ్లి ఆగుతుందన్న ఆశతో. అటువంటి పిల్ల కొత్త ఊరిలో మొదటి రాత్రి తలుచుకునేది సుబ్బినే; నీ కథ మొత్తంలో సుబ్బి పేరే లేదు. పైగా చుట్టూ మరాఠీ. అన్నం పెట్టమని అడగడానికైనా ఆమెకు మాట రాని రోజులు కొన్ని ఉంటాయి కదా. ఆ కాలపు పూనా గురించి చదివితే నీకు పనికివచ్చే సరుకు దొరుకుతుంది: పండిత రమాబాయి శారదా సదనం 1890లో బొంబాయి నుంచి అక్కడికి మారింది, అందులో చదువుకున్న గోదూబాయి అనే వితంతువును ధోండో కేశవ కర్వే 1893లో పెళ్లాడారు, 1896లో తానే వితంతువుల కోసం ఒక ఆశ్రమం మొదలుపెట్టారు. పెళ్లాడతానని లేవదీసుకుపోయినవాడి చేతిలో మోసపోబోయి తప్పించుకున్న బుచ్చమ్మ, నిజంగా వితంతువును పెళ్లాడిన మనిషి ఉన్న ఊరిలో తిరుగుతోందన్నమాట. ఆ మాట చెవిన పడినప్పుడు ఆమె మనసులో ఏం కదిలి ఉంటుందో ఆలోచించు. నేనైతే ఆ ఉపన్యాసం తీసేసి దాన్నే రాస్తాను.

ఈ పాఠం నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. కాలేజీలో ఈ నాటకం వేసినప్పుడు నాకు డబ్బు తీసుకుని భోజనం పెట్టే పూటకూళ్లమ్మ వేషం ఇచ్చారు. (మధురవాణి వేషం నాకెందుకు ఇవ్వలేదని చాలాకాలం బాధపడ్డానని నీకు ఇంతవరకు చెప్పలేదు.) చీపురుకట్ట పట్టుకుని గట్టిగా అరుస్తూ రంగం మీదికి వస్తే అందరూ నవ్వారు. మాకు నేర్పించిన మాస్టారు మాత్రం, “నీకు ఒళ్లు మండినట్టుంది గాని డబ్బు పోయినట్టు లేదు” అన్నారు. సంతలో సామాను కొనిపెడతానని గిరీశం ఆమె దగ్గర పట్టుకుపోయింది ఇరవై రూపాయలు. ఆ రోజుల్లో ఎంతమందికి అన్నం వండి వడ్డిస్తే ఇరవై రూపాయలు మిగులుతాయోనని ఆ రాత్రి నేను వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. మరునాడు చీపురు అంత ఎత్తున లేవలేదు, గొంతు కూడా తగ్గింది. మాస్టారు మరి ఏమీ అనలేదు.

నీ కథ చదువుతున్నంతసేపూ నేను వెతికినది ఆ ఇరవై రూపాయల కోసమే. గిరీశం బడి పెట్టాడు సరే, పూటకూళ్లమ్మ బాకీ తీర్చాడా? అప్పటికే మనియార్డర్లు ఉన్నాయి, పూనా నుంచి విజయనగరానికి పంపవచ్చు. పంపిస్తే ఆ డబ్బు ఎక్కడిది, ఎన్ని విడతలుగా పంపాడు, కూపను మీద తన పేరు రాసుకున్నాడా లేక అక్కడ కూడా నాలుగు ఇంగ్లీషు ముక్కలు పేర్చి గొప్పలు పోయాడా అన్నది నువ్వే తేల్చాలి. పూటకూళ్లమ్మ వేలిముద్ర వేసి ఆ డబ్బు పుచ్చుకుని ఏమందో మాత్రం నన్ను అడుగు, చెబుతాను.

తిరగరాసినది దసరా సెలవులకు వచ్చేటప్పుడు వెంట తీసుకురా. పెన్సిలు చెక్కి ఉంచుతాను.

ఆశీస్సులతో,
అమ్మ